టెలిస్కోప్ దగ్గర కళ్ళజోడు: ఎప్పుడు ఉంచుకోవాలి, ఎప్పుడు తీసేయాలి

కళ్ళజోడు ఉన్న మనిషి టెలిస్కోప్ కొనగానే అడిగే ప్రశ్న ఒకటే, అద్దాలు పెట్టుకుని చూడాలా, తీసేసి చూడాలా అని. ఎవరిని అడిగినా వచ్చే జవాబు కూడా ఒకటే, "తీసెయ్, ఫోకస్ తిప్పుకుంటే సరిపోతుంది" అని. తప్పేం కాదు గానీ సిలిండర్ పవర్ ఉన్నవాళ్ళ విషయంలో ఇది సగమే నిజం. ఆ మిగతా సగం తెలియక చాలామంది బంగారంలాంటి టెలిస్కోప్‌ని అనుమానిస్తారు, లోపల అద్దం వంకరగా ఉందని, ఐపీస్ (కన్ను ఆనించి చూసే చిన్న కటకాల గొట్టం) నాసిరకమని, అమ్మినవాడు అంటగట్టాడని. చుక్క చుక్కలా కనపడకపోతే ముందు చూసుకోవాల్సింది మన కన్నుని. అది ఎలాగో, ఏ ఐపీస్‌కి అద్దాలు ఉంచుకోవాలో, దేనికి తీసి జేబులో పెట్టుకోవాలో వరసగా చెబుతాను. లెక్కల కోసం 8 అంగుళాల ఎఫ్/6 డాబ్సోనియన్ (చేత్తో తిప్పే పెట్టెలాంటి స్టాండు మీద ఉండే అద్దాల టెలిస్కోప్, పొట్టిగా డాబ్) తీసుకుందాం, ఫోకల్ లెంగ్త్, అంటే అద్దం వెలుగుని ఒకచోట కలిపే దూరం, 1200 మి.మీ., అది అద్దం వెడల్పుకి సుమారు ఆరింతలు కాబట్టి ఎఫ్/6. మీది వేరేదైనా లెక్క పద్ధతి అదే.

ముందు మీ కళ్ళ చీటీ వెతకండి

కళ్ళ డాక్టర్ ఇచ్చిన చీటీలో ఒక్కో కంటికి మూడు గడులుంటాయి: స్ఫెరికల్, సిలిండర్, యాక్సిస్. ఇంట్లో చీటీ దొరక్కపోతే అద్దాలు చేసిన షాపుకి కళ్ళజోడు తీసుకెళ్తే మిషన్ మీద పెట్టి రెండు నిమిషాల్లో రాసిస్తారు. చీటీ రెండేళ్ళ పాతదైతే ఇంకోసారి పరీక్ష చేయించుకోవడం మేలు, ఎందుకంటే పగలు బస్సు బోర్డు చదవడానికి సరిపోయే అద్దాలు రాత్రి చుక్క మీద దొరికిపోతాయి, చుక్కంత కఠినమైన కళ్ళ పరీక్ష ఇంకొకటి లేదు.

స్ఫెరికల్ అంటే మనం మామూలుగా మైనస్ సైటు, ప్లస్ సైటు అనుకునేది. దీని గురించి టెన్షన్ అక్కర్లేదు, టెలిస్కోప్ ఫోకసర్, అంటే ఐపీస్‌ని లోపలికీ బయటికీ జరిపే చక్రం, ఆ పని చేసిపెడుతుంది. మైనస్ ఉన్నవాళ్ళు అద్దాలు తీసేస్తే ఐపీస్ కొంచెం లోపలికి, అంటే టెలిస్కోప్ గొట్టం వైపుకి వెళ్ళాలి, ప్లస్ ఉన్నవాళ్ళకి బయటికి రావాలి. ఎంత అంటే, ఐపీస్ మీద రాసి ఉండే మిల్లీమీటర్లని (అది దాని ఫోకల్ లెంగ్త్) దానితోనే గుణించి, మీ పవర్‌తో గుణించి, 1000తో భాగించండి. మైనస్ 4 ఉన్నవాళ్ళకి 25 మి.మీ. ఐపీస్‌తో రెండున్నర మి.మీ. జరపాలి, 10 మి.మీ. ఐపీస్‌తో అరమిల్లీమీటరు కూడా కాదు. చిక్కు ఎక్కడొస్తుందంటే మైనస్ 8, 10 ఉన్నవాళ్ళకి, అదీ 32 మి.మీ. లాంటి పెద్ద ఐపీస్‌తో. అప్పుడు దాదాపు సెంటీమీటరు లోపలికి కావాలి, కొన్ని న్యూటోనియన్లలో (డాబ్ లాంటి అద్దాల టెలిస్కోపుల్లో) ఫోకసర్‌కి అంత చోటు ఉండదు, పూర్తిగా లోపలికి తోసినా చుక్క ఇంకా ఉబ్బే ఉంటుంది. మీకలా జరిగితే టెలిస్కోప్ పాడవలేదు, ఆ ఐపీస్ వరకు అద్దాలు పెట్టుకోండి, అంతే.

చదవడానికి మాత్రమే అద్దాలు వాడేవాళ్ళు, అంటే నలభై దాటాక వచ్చే చత్వారం ఉన్నవాళ్ళు, ఐపీస్ దగ్గర వాటిని తీసేయాలి. ఐపీస్‌లోంచి వచ్చే బొమ్మ కంటికి దూరపు వస్తువులాగే అందుతుంది కాబట్టి చదివే అద్దాలతో పనిలేదు. పటం చూడటానికీ ఫోన్‌లో మ్యాప్ చూడటానికీ మాత్రం అవి కావాలి.

అసలు గొడవ సిలిండర్‌తోనే. కంటి ముందు పొర, కార్నియా, అడ్డంగా ఒక వంపు నిలువుగా ఇంకో వంపు ఉంటే ఒక దిశలో వెలుగు ఒకచోట, ఇంకో దిశలో వెలుగు ఇంకోచోట కలుస్తాయి. దీన్నే ఆస్టిగ్మాటిజం అంటారు. ఫోకసర్ తిప్పితే ఒక దిశ కుదురుతుంది, రెండోది చెడుతుంది, ఇంకా తిప్పితే రెండోది కుదిరి మొదటిది చెడుతుంది. ఎంతసేపు తిప్పినా చుక్క గింజలా గుండ్రంగా రాదు. దీనికి సిలిండర్ అద్దం చేయించుకున్న తొలి మనిషిగా పేరున్నది కూడా ఒక ఖగోళ శాస్త్రవేత్తకే. జార్జ్ ఎయిరీ తన ఎడమ కన్ను సరిగ్గా పనిచేయడం లేదని గమనించి, దీపపు చుక్క ఆ కంటికి ఏ దూరంలో ఏ గీతగా మారుతోందో కొలుచుకుని 1825లో తనకి కావలసిన అద్దాన్ని తనే లెక్కగట్టి చేయించుకున్నాడు. తర్వాత పదేళ్ళకి బ్రిటన్ ఆస్థాన ఖగోళ శాస్త్రవేత్త అయ్యాడు. సిలిండర్ ఉన్నవాళ్ళు ఈ సరదాకి పనికిరారని ఎవరైనా అంటే ఈయన పేరు చెప్పండి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క

ఐపీస్‌లోంచి బయటికి వచ్చే వెలుగు కట్ట వెడల్పుని ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు. పగలు టెలిస్కోప్‌ని సూర్యుడికి బాగా ఎడంగా ఆకాశం వైపు తిప్పి, ఐపీస్‌కి ఒక అడుగు వెనక నిలబడి చూస్తే అందులో తెల్లటి చిన్న బిళ్ళ కనిపిస్తుంది, అదే ఇది. లెక్క చాలా తేలిక, ఐపీస్ మిల్లీమీటర్లని టెలిస్కోప్ ఎఫ్ సంఖ్యతో భాగిస్తే చాలు. మన ఎఫ్/6 డాబ్‌లో 32 మి.మీ. ఐపీస్‌కి 5.3 మి.మీ. వస్తుంది, 25కి 4.2, 10కి 1.7, 6కి సరిగ్గా 1 మి.మీ.

ఈ సంఖ్య ఎందుకంటే, వెలుగు మీ కంటిలో ఎంత వెడల్పు భాగంలోంచి లోపలికి వెళ్తోందో అది చెబుతుంది. 5 మి.మీ. కట్ట వస్తే కార్నియా వంకరంతా అందులో పడుతుంది. 1 మి.మీ. కట్ట వస్తే కంటి నడిమధ్య చిన్న చుక్కంత భాగమే వాడుతున్నారు, అంత చిన్న భాగంలో వంకర ఉన్నా లేనట్టే. చుక్క చెదిరే పరిమాణం మీ సిలిండర్‌నీ ఎగ్జిట్ ప్యూపిల్‌నీ గుణించినంత, కాబట్టి 1 సిలిండర్ ఉన్న మనిషికి 32 మి.మీ. ఐపీస్‌లో కనపడే చెదురు 6 మి.మీ. ఐపీస్‌లో ఐదో వంతే.

దీంట్లోంచి వచ్చే నియమం చాలామంది అనుకునేదానికి తలకిందులుగా ఉంటుంది. తక్కువ మాగ్నిఫికేషన్‌లో, అంటే పెద్ద ఐపీస్‌తో కృత్తికలు, ఆండ్రోమెడా గెలాక్సీ, పాలపుంత చూసేటప్పుడు అద్దాలు ఉండాలి. ఎక్కువ మాగ్నిఫికేషన్‌లో, అంటే చిన్న ఐపీస్‌తో గురుడు, శని, చంద్రుడి గుంతలు, జంట నక్షత్రాలు చూసేటప్పుడు అద్దాలు తీసేయొచ్చు. సుమారుగా చెప్పాలంటే సిలిండర్ అర పాయింట్‌లోపు ఉంటే 2 మి.మీ. ఎగ్జిట్ ప్యూపిల్ కింద అద్దాలు మర్చిపోండి. ఒకటి, ఒకటిన్నర ఉంటే 1 మి.మీ. దగ్గరకి వచ్చేదాకా ఉంచుకోండి. రెండు దాటితే అన్నిటికీ ఒకసారి పెట్టుకుని, ఒకసారి తీసి, తేడా మీరే చూసుకోవాలి, ఎందుకంటే ఒకే పవర్ ఉన్న ఇద్దరు మనుషులు చుక్కని ఒకేలా చూడరు. 0.25 సిలిండర్ ఉన్నవాళ్ళు ఈ వ్యాసంలో ఈ భాగం వదిలేసి ముందుకి పోవచ్చు.

దోషం కంటిదా, టెలిస్కోప్‌దా?

ఈ పరీక్షకి ఖర్చు లేదు. మోటార్ లేని డాబ్‌తో చుక్క పారిపోతూ ఉంటుంది కాబట్టి ధ్రువ నక్షత్రాన్ని పట్టుకోండి, అది దాదాపు ఉన్నచోటే ఉంటుంది, మరీ వెలుగూ కాదు మరీ మసకా కాదు. మన దగ్గర అది ఉత్తరాన కిందుగానే, విజయవాడలో పదహారు డిగ్రీలు, హైదరాబాద్‌లో పదిహేడు డిగ్రీల ఎత్తులో ఉంటుంది, అందుకని కాస్త కొట్టుకుంటూ కనిపిస్తుంది గానీ తక్కువ మాగ్నిఫికేషన్ పరీక్షకి అది అడ్డం కాదు. మీ దగ్గరున్న పెద్ద ఐపీస్ పెట్టండి, 25 గానీ 32 గానీ, చుక్కని నడిమధ్యకి తీసుకురండి. మధ్యలోనే చూడాలి, అంచుల దగ్గర ఎఫ్/6 అద్దానికి సహజంగా ఉండే కోమా అనే లోపం, ఐపీస్ లోపాలు కలిసి చుక్కలకి తోకలు తెస్తాయి, దాన్ని కంటి ఖాతాలో వేయకండి.

అద్దాలు తీసేసి, వీలైనంత బాగా ఫోకస్ చేయండి. తర్వాత ఫోకసర్‌ని కొద్దిగా, చాలా కొద్దిగా, లోపలికి తిప్పండి. చుక్క ఒక దిశలో సాగిందా? ఇప్పుడు అటు పక్కకి, బయటికి తిప్పండి. సాగిన దిశ అడ్డం నుంచి నిలువుకి మారితే ఎక్కడో ఆస్టిగ్మాటిజం ఉంది. ఎక్కడుందో తేలాలంటే చూస్తూనే తలని పక్కకి వంచండి, డాబ్‌తో అయితే ఐపీస్ చుట్టూ మీరే ఇటు నుంచి అటు జరగొచ్చు. సాగిన గీత మీ తలతో పాటు తిరిగితే అది మీ కన్ను. తల కదిలినా గీత కదలకపోతే ఐపీస్‌ని ఫోకసర్‌లోనే తిప్పి చూడండి, దానితో తిరిగితే ఐపీస్‌ది. దేనితోనూ తిరగకపోతే అప్పుడు టెలిస్కోప్ అద్దాల్ని అనుమానించండి, అద్దం క్లిప్పులు బిగుసుకుపోయి నొక్కుతున్నాయేమో, అసలు రాత్రి చల్లదనానికి అద్దం చల్లబడిందో లేదో చూడండి. న్యూటోనియన్‌లో వెలుగైన చుక్కకి నాలుగు పక్కలా వచ్చే సన్నటి కిరణాలు రెండో అద్దాన్ని పట్టుకున్న రేకులవి, అవి రోగం కాదు.

ఇంకో ఉపాయం ఉంది, ఇది నాకు తల వంచడం కంటే నచ్చుతుంది. అదే చుక్కని చిన్న ఐపీస్‌తో, 6 గానీ 10 గానీ పెట్టి చూడండి. పెద్ద ఐపీస్‌లో చెదిరి, చిన్న ఐపీస్‌లో శుభ్రంగా గుండ్రంగా ఉంటే దోషం కంటిది. టెలిస్కోప్ దోషమైతే మాగ్నిఫికేషన్ పెంచేకొద్దీ ఇంకా బయటపడుతుంది. నమ్మకం కుదరకపోతే పెద్ద ఐపీస్‌కి తిరిగొచ్చి, కళ్ళజోడుని చేత్తో ఐపీస్‌కీ కంటికీ మధ్య పట్టుకుని మెల్లగా చక్రంలా తిప్పండి, ఒకచోట చుక్క టక్కున ముడుచుకుంటుంది, ఇంకొంచెం తిప్పితే ముందుకంటే దారుణంగా చెదురుతుంది. చీటీలో యాక్సిస్ అని రాసి ఉండేది ఆ కోణం గురించే.

రెండు కళ్ళతోనూ విడివిడిగా చేయండి. సిలిండర్ రెండు కళ్ళకీ సమానంగా ఉండాలని లేదు. చాలామంది అలవాటుగా కుడి కన్నే పెడతారు, ఎడమ కంటికి సిలిండర్ సగమే ఉందని చీటీలో కళ్ళెదుట రాసి ఉన్నా సరే. కన్ను మార్చడం మొదట ఇబ్బందిగా ఉంటుంది, నాలుగు రాత్రుల్లో అలవాటైపోతుంది, కొత్త ఐపీస్ కొనడం కంటే చవక.

అద్దాలు ఉంచుకుని చూడాలంటే

ఐపీస్ గాజు నుంచి కన్ను ఎంత దూరంలో ఉంటే మొత్తం బొమ్మ కనపడుతుందో ఆ దూరాన్ని ఐ రిలీఫ్ అంటారు. కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళకి కనీసం 16 మి.మీ. కావాలి, 20 ఉంటే హాయిగా ఉంటుంది. అంతకంటే తక్కువైతే తలుపు సందులోంచి పెళ్ళి చూసినట్టు మధ్యలో కొంత ముక్కే కనిపిస్తుంది. టెలిస్కోప్‌తో పాటు మామూలుగా వచ్చే ప్లోజల్ ఐపీస్‌లకి ఈ దూరం వాటి ఫోకల్ లెంగ్త్‌లో సుమారు 70 శాతం. 32 మి.మీ. ప్లోజల్‌కి 22 వస్తుంది, బాగుంటుంది. 25కి పదిహేడు పైన, సరిపెట్టుకోవచ్చు. 10కి 7, అద్దాలతో అసాధ్యం. 6కి నాలుగే, అద్దాలు లేకపోయినా కనురెప్పలు గాజుకి తగులుతాయి.

ఇక్కడ ఒక అదృష్టం ఉంది గమనించండి. అద్దాలు నిజంగా అవసరమైన పెద్ద ఐపీస్‌లకి ఐ రిలీఫ్ ఎలాగూ ఎక్కువే. ఐ రిలీఫ్ తక్కువున్న చిన్న ఐపీస్‌లకి అద్దాల అవసరమే ఉండదు. కాబట్టి సిలిండర్ ఒకటి, ఒకటిన్నర ఉన్న మనిషి ఒక 32 మి.మీ. ప్లోజల్, అద్దాలు లేకుండా చూసే రెండు చిన్న ఐపీస్‌లు పెట్టుకుని ఏళ్ళ తరబడి హాయిగా గడిపేయొచ్చు. మధ్యలో 10 నుంచి 15 మి.మీ. దగ్గరే ఇబ్బంది, అక్కడ ఎగ్జిట్ ప్యూపిల్ రెండు మి.మీ. చుట్టూ ఉంటుంది, అద్దాలు తీయాలో ఉంచాలో తేలదు. దానికి చవక మార్గం 2ఎక్స్ బార్లో, అంటే ఐపీస్‌కి ముందు తొడిగి మాగ్నిఫికేషన్‌ని రెట్టింపు చేసే లెన్సు. 25 మి.మీ. ప్లోజల్‌ని బార్లోలో పెడితే పన్నెండున్నర మి.మీ. ఐపీస్‌లా పనిచేస్తుంది, ఐ రిలీఫ్ మాత్రం 25 మి.మీ. దానిదే మిగులుతుంది, నిజానికి కొంచెం పెరుగుతుంది. డబ్బు పెట్టగలిగితే అన్ని సైజుల్లోనూ 20 మి.మీ. ఐ రిలీఫ్ ఉండే వరసలున్నాయి, విక్సెన్ ఎస్‌ఎల్‌వి, పెంటాక్స్ ఎక్స్‌డబ్ల్యూ, టెలీవ్యూ డెలోస్ లాంటివి.

ఐపీస్ మీద రబ్బరు కప్పు ఉంటే దాన్ని కిందికి మడవండి, లేకపోతే అద్దాలు వాడేవాళ్ళకి ఉన్న ఐ రిలీఫ్ కూడా దక్కదు. మడిచిన రబ్బరు కళ్ళజోడు గాజు మీద గీతలు పడకుండా కూడా కాపాడుతుంది. కొన్ని ఐపీస్‌లకి పైన లోహపు అంచు బయటికే ఉంటుంది, దానికి కళ్ళజోడు ఆనించకండి, లేదా ఒక సన్నటి రబ్బరు రింగు తొడగండి.

టెలీవ్యూ వాళ్ళే డయాప్ట్రిక్స్ అని ఇంకో వస్తువు చేస్తారు, సిలిండర్ మాత్రమే ఉన్న చిన్న అద్దం, వాళ్ళ పెద్ద ఐ రిలీఫ్ ఐపీస్‌ల మీద తొడుక్కోవచ్చు. స్ఫెరికల్ ఎలాగూ ఫోకసర్ చూసుకుంటుంది కాబట్టి ఆలోచన చక్కగా ఉంది. కానీ తల వంచినప్పుడల్లా దాన్ని తిప్పి కోణం కుదుర్చుకోవాలి, ఇంకొకరు చూడాలంటే తీసేయాలి. నా మటుకు అంతకంటే మంచి బేరం మన వీధి చివరి కళ్ళజోళ్ళ షాపులోనే ఉంది.

షాపులో ఏమని అడగాలంటే: దూరపు చూపుకి మాత్రమే పనికొచ్చే సింగిల్ విజన్ అద్దాలు, తాజా సిలిండర్‌తో, యాంటీ రిఫ్లెక్షన్ కోటింగ్ వేసి. బ్లూ కట్ వద్దని గట్టిగా చెప్పండి, ఈ మధ్య అడక్కుండానే అంటగడుతున్నారు, అది నీలం వెలుగులో కొంత తీసేసి లేత పసుపు రంగు వేస్తుంది, రాత్రి ఆకాశానికి దానితో ఏ ఉపయోగమూ లేదు. ఫ్రేము ముఖానికి దగ్గరగా, కనురెప్పలు తగలనంత దూరంలో కూర్చోవాలి. గీతలు పడ్డ పాత అద్దాలు వాడకండి, చంద్రుడి చుట్టూ, గురుడి చుట్టూ వచ్చే పొగలాంటి వెలుగు చాలాసార్లు ఆ గీతలదే. బైఫోకల్, ప్రోగ్రెసివ్ అద్దాలున్నవాళ్ళు పైభాగంలోంచే చూడాలి, ఐపీస్ మీదకి వంగినప్పుడు తెలియకుండానే కళ్ళు దగ్గరి చూపు భాగంలోకి జారతాయి, ఫోకస్ ఎందుకు నిలవడం లేదో అర్థం కాదు. ఈ ఒక్క కారణానికైనా విడిగా సింగిల్ విజన్ జోడు ఉండాలి.

చీకట్లో కొంతమందికి మైనస్ కొంచెం పెరుగుతుంది, పగలు సరిపోయిన అద్దాలు రాత్రి మసకగా అనిపిస్తాయి. అలా ఉంటే డాక్టర్‌కి చెప్పి రాత్రికి పావు పాయింటో అర పాయింటో ఎక్కువతో చేయించుకోవచ్చు.

కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్ళు టోరిక్ రకం, అంటే సిలిండర్ ఉన్నవి వాడితే పై బాధలేవీ లేవు, రెప్ప కొడుతూ ఉండాలంతే, ఐపీస్‌లోకి కన్నార్పకుండా చూస్తే అవి ఎండిపోతాయి. లేసిక్ చేయించుకున్నవాళ్ళకి చీకట్లో కనుపాప బాగా విచ్చుకున్నప్పుడు చుక్కల చుట్టూ వలయాలు రావచ్చు, అప్పుడు ఎగ్జిట్ ప్యూపిల్ 3 మి.మీ. లోపు ఉండే ఐపీస్‌లు ఎంచుకుంటే తగ్గుతాయి. షుగర్ ఉన్నవాళ్ళకి షుగర్ ఎక్కువతక్కువలతో పాటు కంటి పవర్ కూడా మారొచ్చు, ఈ వారం కుదిరిన అద్దాలు వచ్చే వారం కుదరకపోతే టెలిస్కోప్‌ని వదిలేసి షుగర్ చూపించుకోండి.

మాగ్నిఫికేషన్ పెంచినప్పుడు వచ్చే బాధ వేరు

అద్దాలు తీసేసి 200 రెట్లు పెట్టారు, శని వలయాలు బాగున్నాయి, కానీ వాటి మీదుగా నూలు పోగులు, మచ్చలు ఈదుతున్నాయి. ఇవి ఫ్లోటర్స్, కంటి లోపలి జెల్లీలో తేలే నలుసులు. వెలుగు కట్ట సన్నబడేకొద్దీ వాటి నీడ రెటీనా (కంటి వెనక ఉండే, బొమ్మ పడే పొర) మీద పదునుగా పడుతుంది, 1 మి.మీ. కింద మొదలై అర మి.మీ. దగ్గర విసుగెత్తిస్తాయి. సిలిండర్‌ని దాచిపెట్టిన సన్నటి కట్టే నలుసుల్ని బయటపెడుతుంది, రెండూ ఒకేసారి కుదరవు.

చేయగలిగింది కొంత ఉంది. చూపుని చటుక్కున పక్కకి తిప్పి మళ్ళీ మధ్యకి తెస్తే నలుసులు కాసేపు పక్కకి జరుగుతాయి. రెండో కన్ను ప్రయత్నించండి, నలుసులు కూడా రెండింట్లో సమానంగా ఉండవు. రెండు కళ్ళతో చూసే బైనోవ్యూయర్ వీటిని చాలా తగ్గిస్తుంది, ఒక కంటి నలుసుని రెండో కన్ను కొట్టేస్తుంది. అన్నిటికంటే తేలిక, మాగ్నిఫికేషన్ తగ్గించడం. మన డాబ్‌లో 150 రెట్ల దగ్గర ఎగ్జిట్ ప్యూపిల్ 1.3 మి.మీ. ఉంటుంది, గ్రహాలకి చాలా రాత్రులు అది చాలు. ఇక్కడ పెద్ద టెలిస్కోప్‌కి ఉన్న లాభం కూడా కనిపిస్తుంది, అదే మాగ్నిఫికేషన్‌కి దాని ఎగ్జిట్ ప్యూపిల్ పెద్దది.

సన్నటి కట్ట ఎంత మోసం చేయగలదో చెప్పే కథ ఒకటుంది. ఖగోళ పరిశీలకుడు పెర్సివల్ లోవెల్ 1896లో అమెరికాలోని ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి 24 అంగుళాల టెలిస్కోప్‌తో శుక్రుణ్ణి చూసి, దాని మీద చక్రం ఆకుల్లాంటి గీతలున్నాయని గీశాడు. మిగతా పరిశీలకులకి అవి దొరకలేదు, శుక్రుడి మీద ఉన్నవి దట్టమైన మేఘాలే. వెలుగు ఎక్కువని అతను టెలిస్కోప్ మూతిని బాగా చిన్నది చేసుకుని చూసేవాడు, దాంతో ఎగ్జిట్ ప్యూపిల్ అర మి.మీ. కంటే తక్కువకి పడిపోయి ఉంటుంది, అతను గీసింది తన రెటీనా మీది రక్తనాళాల నీడల్నే అని ఇప్పుడు చాలామంది నమ్ముతారు. మీకు వెలుగైన గ్రహం మీద చెట్టు కొమ్మల్లాంటివి కనిపిస్తే రాసుకునే ముందు తల కాస్త తిప్పి చూడండి.

ఒక జాగ్రత్త. నలుసులు ఉన్నట్టుండి చాలా పెరిగినా, కంటి అంచున మెరుపులు వచ్చినా, తెర దిగినట్టు ఒక పక్క నల్లబడినా తెల్లారేదాకా ఆగకుండా కంటి ఆసుపత్రికి వెళ్ళండి. రెటీనా ఊడుతున్నప్పుడు వచ్చే గుర్తులవి, మైనస్ ఎక్కువున్నవాళ్ళకి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

వయసు, శుక్లాలు

ఇరవైల్లో చీకట్లో 7 మి.మీ. దాకా విచ్చుకునే కనుపాప యాభైలు, అరవైలకి చాలామందిలో 5 మి.మీ. దగ్గర ఆగిపోతుంది. మనిషికీ మనిషికీ చాలా తేడా ఉంటుంది. మీ కనుపాప 5 దగ్గర ఆగితే 7 మి.మీ. ఎగ్జిట్ ప్యూపిల్ ఇచ్చే ఐపీస్ కొనడం వల్ల అదనపు వెలుగు రాదు, అంచుల వెలుగు కంటి బయటే వృథా అవుతుంది. పెద్దవాళ్ళకి టెలిస్కోప్ కొనిపెట్టేవాళ్ళు ఇది గుర్తుంచుకోండి.

శుక్లాలు మొదలైన కన్ను పసుపు గాజులోంచి చూసినట్టు రంగుల్ని మార్చేస్తుంది, పక్కన చంద్రుడు ఉంటే వెలుగుని చెదరగొట్టి మసక చుక్కల్ని మింగేస్తుంది. ఆపరేషన్ ఒక కంటికే అయినవాళ్ళు అభిజిత్ నక్షత్రాన్ని ఒక్కో కంటితో మార్చి మార్చి చూడండి, కొత్త లెన్సు ఉన్న కంటికి అది ఎంత నీలంగా ఉంటుందో ఆశ్చర్యపోతారు. ఆపరేషన్‌కి ముందు డాక్టర్‌కి మీకు రాత్రి ఆకాశం చూసే అలవాటు ఉందని చెప్పండి. దూరం దగ్గర రెండూ చూపించే మల్టీఫోకల్ లెన్సు వెలుగుని పంచేస్తుంది, రాత్రి దీపాల చుట్టూ వలయాలు తెస్తుంది. మోనోఫోకల్ (ఒకే దూరానికి కుదిరే లెన్సు) పెట్టించుకుని చదవడానికి అద్దాలు వాడుకోవడం మన పనికి మేలు. తుది మాట మాత్రం మీ కన్ను చూసిన డాక్టర్‌దే.

మసక వస్తువుల్ని పక్క చూపుతో పట్టండి

అందరి కంటికీ నడిమధ్య ఒక గుడ్డితనం ఉంది. సూటిగా చూసేటప్పుడు వాడే చోట చీకట్లో పనిచేసే రాడ్ కణాలే ఉండవు. అందుకే మసక గెలాక్సీని సూటిగా చూస్తే మాయమవుతుంది. దాన్ని మధ్యలో ఉంచి చూపుని మాత్రం అంచు వైపుకి సుమారు సగం దూరం జరపండి. ఏ వైపుకి అన్నది ముఖ్యం: కుడి కన్నుతో చూస్తుంటే చూపు కుడికి జరపాలి, ఎడమ కన్నైతే ఎడమకి, అంటే వస్తువు ఎప్పుడూ మీ ముక్కు వైపు ఉండాలి. ఇటుదటు చేస్తే అది కంటి నరం బయటికి వెళ్ళే చోట, బ్లైండ్ స్పాట్‌లో పడి పూర్తిగా పోతుంది. సిగ్నస్‌లో ఎన్‌జీసీ 6826 అనే నెబ్యులా (వాయు మేఘం) మీద సాధన చేయండి, సూటిగా చూస్తే మధ్య చుక్క ఒక్కటే, పక్కకి చూస్తే చుట్టూ మసక బిళ్ళ, మళ్ళీ సూటిగా చూస్తే బిళ్ళ లేదు. టెలిస్కోప్ గొట్టాన్ని వేలితో కొద్దిగా తట్టి కదిలించినా మసక వస్తువు బయటపడుతుంది.

రాడ్లు మేలుకోవడానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాల చీకటి కావాలి, ఒక్కసారి ఫోన్ తెర చూస్తే మళ్ళీ మొదటికొస్తుంది. ఎర్ర టార్చి వాడమని అందుకే అంటారు, అదీ చాలా మసకగా. ఎరుపు ఆకుపచ్చ తేడా సరిగా తెలియనివాళ్ళలో కొందరికి ఎరుపు వెలుగే చాలా నల్లగా కనిపిస్తుంది, పటం చదవడానికి టార్చి పెంచేసి పక్కవాళ్ళ చీకటి పాడుచేస్తారు, అలాంటివాళ్ళకి బాగా తగ్గించిన నారింజ రంగు దీపం నయం. వాళ్ళకి నెబ్యులాల్లో పెద్దగా పోయేదేమీ లేదు, ఐపీస్‌లో అవి చాలావరకు మనందరికీ బూడిద రంగే.

ఎర్ర చుక్కల వెలుగు అంచనా వేసేవాళ్ళకి మైనస్ సైటు ఒక వరం. ఆర్ద్ర 2020 ఫిబ్రవరిలో 1.6 మాగ్నిట్యూడ్‌కి (ఇది చుక్కల వెలుగు కొలత, అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు) మసకబారినప్పుడు దాన్ని పక్క చుక్కలతో పోల్చడం కష్టమైంది, ఎర్ర చుక్కని తదేకంగా చూస్తే ఇంకా వెలుగుగా అనిపిస్తుంది మరి. కళ్ళజోడు తీసేస్తే చుక్కలన్నీ మసక బిళ్ళలవుతాయి, బిళ్ళని బిళ్ళతో పోల్చడం తేలిక. చూపు నిలపకుండా ఒకదాని నుంచి ఇంకోదానికి మారుస్తూ చూడండి.

చేతికింద ఉండాల్సినవి

రెడ్ డాట్ ఫైండర్‌తో (ఎర్ర చుక్క చూపించి టెలిస్కోప్ గురి కుదిర్చే పరికరం) నక్షత్రాన్ని వెతకాలంటే అద్దాలు కావాలి, ఐపీస్ దగ్గర తీయాలి, మళ్ళీ పెట్టాలి. మెడకి తాడు కట్టుకోండి, చీకట్లో నేల మీద పెట్టిన కళ్ళజోడు ఎవరి కాలి కింద పడుతుందో తెలియదు. గొట్టంలా ఉండే ఆప్టికల్ ఫైండర్‌కి విడిగా ఫోకస్ ఉంటుంది, ముందున్న బిగింపు రింగు వదులు చేసి లెన్సు తిప్పితే మీ కంటికి కుదురుతుంది, అప్పుడు అద్దాలు లేకుండానే వాడొచ్చు.

ఏసీ గదిలోంచి నేరుగా విశాఖలోనో కాకినాడలోనో మేడ మీదకి వస్తే కళ్ళజోడూ ఐపీస్ రెండూ ఆవిరి పట్టేస్తాయి. అరగంట ముందే బయట పెట్టండి, ఐపీస్‌లు మూతలతో. నోటితో ఊది తుడవకండి, ఆవిరి దానంతటదే పోనివ్వండి. కాటుక పెట్టుకున్న కన్ను, తలనూనె తగిలిన వేలు ఐపీస్‌కి శత్రువులు. మరక పడితే ముందు గాలి బుడ్డితో దుమ్ము ఊదేసి, తర్వాత లెన్సు టిష్యూకి రెండు చుక్కల ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తగిలించి నొక్కకుండా తుడవండి, చొక్కా అంచుతో మాత్రం వద్దు. పగలు సూర్యుణ్ణి చూడాలంటే టెలిస్కోప్ ముందు మూతికి సరైన సోలార్ ఫిల్టర్ ఉండాల్సిందే, కూలింగ్ గ్లాసెస్ లెక్కలోకి రావు.

చుట్టాలు, పక్కింటివాళ్ళు చూడటానికి వచ్చినప్పుడు ఒక చుక్కతో మొదలుపెట్టండి. వేసవి సాయంత్రాల్లో అరుంధతి, వశిష్ఠుడు బాగుంటాయి. పెళ్ళిలో పంతులుగారు చూపించినప్పుడు కనపడకపోయినా తల ఊపినవాళ్ళకి ఇక్కడ రెండూ విడివిడిగా కనిపిస్తాయి, కాస్త మాగ్నిఫికేషన్ పెంచితే వశిష్ఠుడే రెండు చుక్కలని తేలుతుంది. ప్రతి మనిషికీ ఫోకసర్ చక్రం చేతికిచ్చి, "మసకగా ఉంటే ఇటూ అటూ తిప్పండి, చుక్క చిన్నదయ్యేదాకా" అని చెప్పండి. చాలామంది మొహమాటానికి "బాగుందండీ" అని పక్కకి తప్పుకుంటారు, వాళ్ళకి కనిపించింది ఉబ్బిన బిళ్ళ మాత్రమే. "ఎన్ని చుక్కలు కనిపిస్తున్నాయి?" అని అడిగితే తేలిపోతుంది. కళ్ళజోడు ఉన్నవాళ్ళయితే పెద్ద ఐపీస్‌కి తీయొద్దని చెప్పండి, చిన్న పిల్లలకి చక్రం మీరే తిప్పి పెట్టండి, తాతయ్యలకి ఒక స్టూలు వేయండి.